రేవు చివర ఎవరూ లేరు

ఆ పాటలో ఒక పిల్ల ఉంటుంది. తలకు ఎర్ర స్కార్ఫ్ కట్టుకుని, చీకటితోనే రేవు చివరికంటా నడిచి వెళ్ళి, మొగుడెక్కిన ఓడ కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూ నిలబడుతుంది. ఓడ తిరిగి రాదు, పిల్ల చెయ్యి దించదు. అక్కడికొచ్చేసరికి డ్రమ్ములు ఆగిపోయి గిటారు ఒక్కటే మూలుగుతుంది. లండన్లో కుర్రకారు సరిగ్గా ఆ చోట చేతులెత్తి ఊపుతూ కళ్ళనీళ్ళు పెట్టుకునేవారని పేపర్లలో రాశారు. చేపల ఓడల రేవున్న హల్ ఊళ్ళో, హెసల్ రోడ్డు మీద మాత్రం ఆ పాట మొదలవగానే ఎవరో ఒకరు లేచి రేడియో కట్టేసేవారు.

ఆ పిల్ల పేరు నోరీన్ స్కెల్టన్. చేపల షెడ్డులో చేపలు కోసే మనిషి. ఆమె రేవుకు వెళ్ళలేదు, చెయ్యీ ఊపలేదు. పాట రాసినవాడి గురించి పేజీలకు పేజీలు రాశారు, వాడు ఏ హోటల్లో ఏ కిటికీ పగలగొట్టాడో కూడా జనానికి కంఠతా వచ్చు. పాటలో ఉన్న మనిషి ఎలా బతుకుతోందని అడిగినవాడు లేడు. ఆమెను వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు కూడా ఒక్క ముక్కే అడిగారు, "అయితే చెయ్యి ఊపింది మీరేనా?" అని.

హెసల్ రోడ్డులో పుట్టిన ఆడపిల్లను అలా అడగడమంటే మొగుణ్ణి నువ్వే చంపావా అని అడగడమే. మగవాడు సముద్రం మీదికి బయల్దేరే రోజున అక్కడ ఇంట్లో బట్టలుతకరు, ఉతికితే నీళ్ళు వాణ్ణి లాక్కుపోతాయి. రేవుదాకా వెళ్ళి సాగనంపరు. గుమ్మం దాటినవాణ్ణి వెనక్కి పిలవరు, వాడూ వెనక్కి తిరిగి చూడడు. అన్నిటికన్నా పెద్ద తప్పు చెయ్యి ఊపడం. ఊపితే సముద్రం తననే పిలిచారనుకుంటుంది. ఇదంతా నమ్ముతారా అని అడిగితే అక్కడ ఏ ఆడదీ నమ్ముతానని చెప్పదు, మొహం పక్కకు తిప్పుకుని నవ్వుతుంది. ఓడ బయల్దేరే రోజున మాత్రం సబ్బు ముట్టుకోదు.

నోరీన్‌కు ఇవన్నీ పాలతో పాటు పట్టినవే. ఏమైనా మిగిలి ఉంటే అత్తగారు ఐవీ పూర్తిచేసింది. ఐవీ మొగుడు ఐస్‌లాండ్ అవతల ఎక్కడో మునిగిపోయేనాటికి ఆమె చంకలో బిడ్డ ఉన్నాడు. ఆ బిడ్డే క్లిఫ్. వాణ్ణి సముద్రానికి దూరంగా పెంచాలని ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. బేకరీలో పెట్టింది, పారిపోయాడు. సైకిళ్ళ కొట్లో పెట్టింది, అక్కణ్ణుంచీ పారిపోయి ఓడెక్కాడు. ఇక చేసేది లేక ఆచారాల మీద పడింది. ఆకుపచ్చ రంగు కీడని ఆ ఇంట్లో ఆకుపచ్చ దారం ముక్క కూడా ఉండేది కాదు. పందిని పంది అన్నా ఓడకు కీడే. నోరీన్‌కు సొంత తల్లి చిన్నప్పుడే పోయింది గనక ఐవీనే అమ్మా అని పిలిచేది. ఆ పిలుపు ఐవీకి నచ్చినట్టు కనిపించేది కాదు గానీ, ఒకసారి మరిచిపోయి "ఐవీ" అని పిలిస్తే సాయంత్రం దాకా పలకలేదు.

ముగ్గురూ ఒక్క ఇంట్లోనే ఉండేవారు. కింద వంటిల్లు, ముందుగది. పైన రెండు పడకగదులు, వీధి వైపుది ఐవీది, వెనకది మొగుడూ పెళ్ళాలది. క్లిఫ్ మూడు వారాలు సముద్రం మీద ఉండి మూడు రోజులు ఇంట్లో ఉండేవాడు. ఆ మూడు రోజులూ లేత నీలం సూటు తొడుక్కుని, ఎదురు వీధికి కూడా టాక్సీలో వెళ్ళి, కనిపించిన ప్రతివాడికీ తాగించి, నాలుగో రోజు తెల్లారి ఖాళీ జేబుతో ఓడెక్కేవాడు. అక్కడి మగవాళ్ళందరిదీ అదే తీరు, దాన్ని దుబారా అని ఎవరూ అనేవారు కాదు.

ఆఖరిసారి బయల్దేరబోయే ముందు సాయంత్రం ముగ్గురూ వంటింట్లో కూర్చుని కొట్లో కొన్న ప్యాటీలు, చిప్స్ కాగితంలోంచే తింటున్నారు. జనవరి చలి. ఐవీకి చెవిపోటు, తల వాల్చి కూర్చుంది.

"ఏమే ముసల్దానా, ఆ మొహమేంటి? పెనిమిటి దొరికాడా ఏంటి కొత్తగా?" అన్నాడు క్లిఫ్.

"దొరికితే నీలాంటి వెధవని కన్నానని చెప్పగానే పారిపోయాడు," అంది ఐవీ.

నోరీన్ లేచి తను షెడ్డుకు కట్టుకెళ్ళే ఎర్ర స్కార్ఫ్ తెచ్చి అత్తగారి తలకు, చెవులు మూసుకునేలా గట్టిగా కట్టింది. "తెల్లారేదాకా విప్పకు అమ్మా. వెచ్చగా ఉంటే లాగడం తగ్గుతుంది."

"ఇప్పుడు చూడాలి దీన్ని," అన్నాడు క్లిఫ్. "వెనకనుంచి చూస్తే నోరీ అనుకుని నడ్డి మీద ఒకటి వేస్తాను."

"వేసి చూడు, రేపు ఓడెక్కడానికి కాళ్ళుండవు," అంది ఐవీ. చాలాసేపు నవ్వుకున్నారు. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వడం అదే ఆఖరు.

మర్నాడు చీకటితోనే టాక్సీ వచ్చింది. క్లిఫ్ సంచీ భుజాన వేసుకుని మెట్ల కింద నిలబడి పైకి అరిచాడు, "ముసల్దానా, నా మంచం ఎవరికీ అద్దెకివ్వకు."

"తలుపేసుకుని తగలడు, చలి లోపలికొస్తోంది," అని పైనుంచి ఐవీ గొంతు వినిపించింది.

నోరీన్ వంటింట్లోనే ఉంది. రెండు చేతులూ ఏప్రన్ జేబులో పెట్టుకుంది. జేబులో బట్టల క్లిప్పు ఒకటి తగిలితే దాన్ని కుడిచేత్తో అచ్చు పడేటంత గట్టిగా పట్టుకుంది. చెయ్యి దానంతటదే బయటికి రావాలని చూస్తోంది, అది ఆమెకు తెలుస్తూనే ఉంది. కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు. టాక్సీ తలుపు పడిన చప్పుడు, ఇంజను చప్పుడు, అంతే. ఆ రోజు ఉతకాల్సిన బట్టలు ఉతక్కుండా పక్కన పెట్టి పనికి వెళ్ళింది.

ఓడ మూడో వారంలో పలకడం మానేసింది. ముందు వైర్‌లెస్ చెడిపోయి ఉంటుందన్నారు. తర్వాత మంచు పట్టి ఉంటుందన్నారు. తర్వాత ఏమీ అనలేదు, చర్చిలో పోయినవాళ్ళ పేర్లు చదివారు. ఒక్కడి శవం కూడా దొరకలేదు. శవం లేదు గనక సమాధి లేదు, సమాధి లేదు గనక ఆదివారం పూలు తీసుకుపోవడానికి చోటు లేదు. అత్తకు కోడలు, కోడలికి అత్త, క్లిఫ్ గురించి మాట్లాడుకోవడానికి ఆ వంటిల్లు తప్ప వాళ్ళకు ఇంకేం మిగల్లేదు. ఐవీ మునుపటికన్నా తక్కువ మాట్లాడేది. కుడిచెయ్యి ఎడమ చంకలో దూర్చుకుని పొయ్యి ముందు గంటల తరబడి కూర్చునేది. నోరీన్ ఒకరోజు ఎర్ర స్కార్ఫ్ కోసం వెతుకుతుంటే, "పొయ్యిలో పడి కాలిపోయింది. ఇంకోటి కొనుక్కో," అంది. స్కార్ఫ్ గురించి పట్టించుకునే స్థితిలో నోరీన్ లేదు.

"చిన్నదానివి పిల్లా. ఎవణ్ణైనా చూసుకుని వెళ్ళిపో. నేనేమీ అనుకోను," అంది ఐవీ ఒకసారి.

"ఎక్కడికెళ్తాను అమ్మా. కెటిల్ ఇక్కడుంటే," అంది నోరీన్.

ఐవీ ఆమె వైపు చూసి, ఏదో చెప్పబోయి, పొయ్యిలో బొగ్గు ఎగదోసింది.

ఇక పాట రాసినవాడి సంగతి. వాడి పేరు కోలిన్ వేరింగ్. ఊరికి ఆ కొసన, చెట్లున్న వీధుల్లో ఉండే బడిపంతులు కొడుకు. చదువు మధ్యలో వదిలేసి ఆ చలికాలం చేపల షెడ్డులో తలకాయలూ పేగులూ ఎత్తిపోసే బండి తోసేవాడు. భుజాలదాకా జుట్టు. టీ తాగే వేళ గిటారు తీసేవాడు. షెడ్డులో ఆడవాళ్ళు వాణ్ణి ప్రొఫెసర్ అని పిలిచేవారు.

"ఏం ప్రొఫెసరూ, బండి కదలట్లేదేం? చేప తలకాయలతో పాటు నీ పాటలు కూడా ఎక్కించావా?" అనేది గ్లెనిస్. ఈ గ్లెనిస్ నోరీన్ పక్క బల్ల మీద చేపలు కోసేది, నోటికి అదుపు లేని మనిషి, మనసు మంచిది. "ఆ చూపులెటో నాకు తెలుసులేరా. దానికి మొగుడున్నాడు. వాడి చెయ్యి నీ తలకాయంత ఉంటుంది."

కోలిన్ చెవులు ఎర్రబడేవి. నోరీన్ నవ్వి ఊరుకునేది. అంతకుమించి వాళ్ళిద్దరి మధ్య ఏమీ లేదు, ఉందని రాసినవాళ్ళ నోట్లో మన్ను పడ. ఓడ మునిగాక వాడు ఆమె బల్ల దగ్గర నిలబడి ఏదో అనబోయి అనకుండానే వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి రాలేదు. లండన్ వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది.

రెండేళ్ళకు ఒక ఆదివారం నోరీన్ బట్టలు మడత పెడుతోంది, ఐవీ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది, రేడియోలో ఆ పాట వచ్చింది. గొంతు గుర్తుపట్టి నోరీన్ నవ్వింది. "మా ప్రొఫెసరే అమ్మా." టాక్సీ వచ్చింది పాటలో, లేత నీలం సూటు వచ్చింది, వీధి మలుపులో గుడ్డిదీపం వచ్చింది. ఆమె నవ్వు ఆగిపోయింది. అవి క్లిఫ్ బతుకులో ముక్కలు. ఎర్ర స్కార్ఫ్ వచ్చింది. చెయ్యి వచ్చింది.

ఐవీ చేతిలో కత్తి ఆగింది. మొహం సున్నం కొట్టినట్టయింది. పాట అయిపోయాక అడిగింది, "నువ్వు చెయ్యి ఊపావా?"

"అదేంటమ్మా! నేను వంటింట్లో ఉన్నాను. నీకు తెలుసు కదా."

"నాకేం తెలుసు. నేను మంచం మీదున్నాను."

"వాడు అల్లుకున్నాడు. పాట కోసం."

"మిగతాదంతా నిజమేగా. టాక్సీ నిజం, సూటు నిజం. అదొక్కటే ఎందుకు అల్లుతాడు?" అంది ఐవీ. అని మళ్ళీ బంగాళాదుంప అందుకుంది, చెక్కుతో పాటు సగం దుంప కోసేసింది.

చెయ్యని పని చెయ్యలేదని ఎలా చూపిస్తారు? వీధిలోనూ నోరీన్ ఊపిందా అన్న ప్రశ్నే మొదలైంది. మునిగిన ఆ ఓడలో ఆ చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళే సగంమంది. వాళ్ళ పెళ్ళాలూ తల్లులూ ఐవీ దగ్గరికొచ్చి అడిగారు. ఐవీ గట్టిగా కాదనుంటే అక్కడితో ఆగిపోయేది, ఆమె మాట మీద ఆ వీధిలో అంత గురి. ఐవీ కాదనలేదు. "దాన్నే అడగండి," అంది.

ఆ మాట చాలింది. ఎవరూ నోరీన్ని తిట్టలేదు, కొట్టలేదు. పొద్దున్నే ఓడెక్కడానికి వెళ్ళే మగవాళ్ళు ఆమె ఎదురొస్తే టాక్సీ వెనక్కి తిప్పించుకుని ఇంటికెళ్ళి, ఒక సిగరెట్ కాల్చి మళ్ళీ బయల్దేరేవారు. కొట్లో ఆమె నిలబడిన వరుసలో ఆడవాళ్ళు ఏదో మరిచిపోయినట్టు వెళ్ళిపోయేవారు. షెడ్డులో ఆమె పక్కన గ్లెనిస్ ఒక్కతే మిగిలింది. నోరీన్ ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఇంట్లో జరిగింది. ఒక శనివారం ఐవీ ఆమె మొహంలోకి చూడకుండా, "నీ గది నాకు కావాలి," అంది.

"ఎందుకమ్మా?"

"కావాలి."

నోరీన్ రెండు వీధుల అవతల ఒక గది తీసుకుంది. ఆమెకు ఊరంతా నమ్మక్కర్లేదు. ఐవీ ఒక్కతె నమ్మితే చాలు. ఆ వంటింట్లోకి మళ్ళీ వెళ్ళి, ఆ కెటిల్ పెట్టి, "మీవాడు ప్యాటీ సగం తిని నాది లాక్కునేవాడు గుర్తుందా" అని ఒక్క మాట అనుకోగలిగితే చాలు. ప్రతి శుక్రవారం మంచి చేప ముక్క ఒకటి కాగితంలో చుట్టి ఐవీ పెరటి గుమ్మం ముందు పెట్టి తలుపు తట్టి వచ్చేసేది. ఐవీ తలుపు తీసి చేప తీసుకునేది. మనిషిని పిలిచేది కాదు. చేపైనా తీసుకుంటోంది కదా అని నోరీన్ దాన్నే పట్టుకు వేలాడింది.

పాట పెద్దదయ్యేకొద్దీ బయటివాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఆమె ఎవరో గ్లెనిస్ చెప్పలేదు గానీ చెప్పేవాళ్ళకు కరువా. ఒక పత్రికవాళ్ళు షెడ్డు బయట కాపేశారు. ఫోటోలు తీసేవాడు కుర్రాడే, మర్యాదగానే అడిగాడు, "అలా రేవు వైపు తిరిగి ఒక్కసారి చెయ్యి ఊపుతారా, మేడమ్?"

"నేను ఎప్పుడూ ఊపలేదు. అది రాసుకో," అంది నోరీన్.

"రాస్తామండి. ఒక్క ఫోటో."

"వద్దన్నానా." ఆమె మొహానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. కెమెరా క్లిక్‌మంది.

ఆదివారం పేపర్లో అరపేజీ ఫోటో. ఏప్రన్, రబ్బరు బూట్లు, ఎత్తిన కుడిచెయ్యి. కింద "ఇంకా ఊపుతూనే ఉంది" అని పెద్ద అక్షరాలు. ఆమె చెప్పిన మాట ఎక్కడా లేదు. ఎవరో ఆ కాగితం చింపి ఐవీ తలుపు కింద నుంచి తోశారు. ఆ శుక్రవారం నోరీన్ పెట్టిన చేప గుమ్మం ముందే ఉండిపోయి పక్కింటి పిల్లి పాలైంది. తర్వాతి శుక్రవారం కూడా. అయినా ఆమె పెట్టడం మానలేదు. మొండితనం అనండి, ఇంకేమైనా అనండి.

అలా ఏళ్ళు గడిచాయి. ఐస్‌లాండ్‌వాళ్ళు తమ నీళ్ళల్లో పరాయి ఓడల్ని చేపలు పట్టనివ్వకపోయేసరికి ఓడలు ఒక్కొక్కటే తుక్కుకెళ్ళాయి. షెడ్డులో బల్లలు సగం ఖాళీ అయ్యాయి. ఎదురొస్తే టాక్సీ తిప్పుకునే మగవాళ్ళు ఇప్పుడు పనిలేక మూలన నిలబడి ఆమెను చూసి ఉమ్మేవారు, రేవు మూతపడడం కూడా ఆమె చేతి పుణ్యమే అన్నట్టు. అలాంటి రోజుల్లో కోలిన్ వేరింగ్ సొంత ఊళ్ళో పాడడానికి వస్తున్నాడని గోడల మీద కాగితాలు అంటించారు.

"వెళ్ళి చొక్కా పట్టుకుని ఈడ్చుకురా," అంది గ్లెనిస్. "ఐవీ ముందు కూర్చోబెట్టు. 'నేను అల్లానమ్మా' అని ఒక్క ముక్క చెప్పమను. వాడి సొమ్మేం పోయింది?"

కచేరీ ముందు రాత్రి నోరీన్ నిద్రపోలేదు. మర్నాడు మధ్యాహ్నం ఉన్నదాంట్లో మంచి కోటు వేసుకుని హాలు వెనకవైపుకు వెళ్ళింది. మనుషులు లారీలోంచి పెట్టెలు దించుతున్నారు. కోలిన్ అక్కడే మెట్ల మీద కూర్చుని ఆపిల్ తింటున్నాడు. పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది, వేళ్ళకు ఉంగరాలు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఆపిల్ ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

"నోరీన్."

"ప్రొఫెసర్ గారూ. నాకు నీ డబ్బు వద్దు, టికెట్టు వద్దు. ఒక్క ఉపకారం చెయ్యి. మా అత్తగారింటికి వచ్చి, ఆ చెయ్యి ఊపడం నువ్వు కల్పించావని చెప్పు. ఆమె ఏడేళ్ళుగా నాతో మాట్లాడదు." చెయ్యి ఊపితే అక్కడేమనుకుంటారో కూడా చెప్పింది. అదే ఊళ్ళో పుట్టాడు, వాడికది తెలియదు. చెట్లున్న వీధుల్లో అవన్నీ ఎవరు చెబుతారు.

వాడి మొహం పాలిపోయింది. "అయ్యో నోరీన్. నాకు నిజంగా తెలియదు. వస్తాను, ఇప్పుడే వస్తాను." రెండడుగులు వేసి ఆగాడు. "కానీ కల్పించానని ఎలా చెప్పను? రేవు కల్పించాను. రేవు అయితే పాటకు బాగుంటుందని. చెయ్యి కల్పించలేదు. నేను చూశాను."

"ఏం చూశావు?"

వాడు తల దించుకున్నాడు. "ఆ రోజుల్లో నేను పనికి చుట్టుదారిన మీ వీధి మీదుగా వచ్చేవాణ్ణి. ఎందుకో అడగొద్దు. ఆ రోజు మలుపులో దీపం కింద నిలబడ్డాను. టాక్సీ కదిలింది. నువ్వు పై కిటికీలోంచి ఊపావు. ముఖం కనపడలేదు, అద్దానికి ఆవిరి పట్టింది. ఎర్ర స్కార్ఫ్, చెయ్యి. టాక్సీ మలుపు తిరిగాక కూడా ఊపుతూనే ఉన్నావు. అది నేను మరిచిపోలేకపోయాను, నోరీన్. అందుకే రాశాను."

"ఏ కిటికీ?"

"వీధి వైపుది. ఇంకే కిటికీ కనబడుతుంది అక్కడినుంచి?"

లారీ మీంచి ఎవరో పెద్ద స్పీకరు దించుతూ జరగమని అరిచారు, నోరీన్ జరిగింది. అత్తగారి తలకు తన చేత్తో తనే కట్టిన ముడి గుర్తొచ్చింది, చెవుల మీదుగా గడ్డం కిందికి. "నువ్వు రానక్కర్లేదులే," అంది చివరికి.

"అదేంటి, వస్తాను. పద."

"వద్దు. పని చూసుకో."

బస్సెక్కకుండా నడిచింది. సగం దారి దాకా ఆమెకు కోపం తప్ప ఇంకేమీ లేదు. ఏడేళ్ళు. ఎదురొస్తే ఉమ్మించుకున్న ఏడేళ్ళు, పిల్లి తిన్న చేపలు, అద్దెగదిలో ఒంటరి క్రిస్మస్‌లు. అంతా తెలిసి, తలుపు వెనక నిలబడి, "దాన్నే అడగండి" అన్న మనిషి. ఈ సాయంత్రమే వీధి మధ్య నిలబడి గట్టిగా చెప్పేస్తాను అనుకుంది. గ్లెనిస్ తోడుంటుంది, పాటగాడు సాక్ష్యం చెబుతాడు. పెదాలు కదుపుతూ మాటలు వరసగా పేర్చుకుంది కూడా.

ఐవీ ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. ముందు తలుపు తట్టలేదు, ఆ వీధిలో ముందు తలుపు చావు కబురుకే తడతారు. పెరటి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ఐవీ పొయ్యి ముందు కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది, ఊపిరి తీస్తే పిల్లికూతలు. గ్లెనిస్ నోరు ఊరుకోదు గదా, నోరీన్ ఎక్కడికెళ్ళిందో ఐవీకి ముందే అందింది. లేవలేదు, పొమ్మనలేదు. కుడిచెయ్యి ఎడమ చంకలో దూర్చుకుని ఉంది.

నోరీన్ ఆ చెయ్యి వైపు చూసింది. ఓడ మునిగిన నాటినుంచీ ఐవీ అలాగే కూర్చుంటోంది. చలికి అనుకుంది, కీళ్ళనొప్పి అనుకుంది. దొంగను పట్టుకున్నట్టు ఆ చేతిని పట్టుకుని కూర్చుంటోందని ఇన్నాళ్ళూ తోచలేదు. తన చెయ్యీ ఆ రోజు బయటికి రావాలని చూసింది. తన జేబులో బట్టల క్లిప్పు ఉంది, పైన మంచం మీద ఐవీకి ఏమీ దొరకలేదు. చంకలో బిడ్డతో మొగుణ్ణి పోగొట్టుకుని, ఆకుపచ్చ దారం కూడా ఇంట్లోకి రానివ్వని మనిషి, ఒక్క నిమిషం తల్లి అయిపోయింది. అంతే.

"ఏం చెప్పాడు?" అంది ఐవీ.

"వాడు చూశాడటమ్మా."

ఐవీ కళ్ళు మూసుకుంది. "ఎవర్ని?"

దారిలో పేర్చుకున్న మాటలన్నీ నోరీన్ నోట్లోనే ఉన్నాయి. "నన్నే," అంది. "ఊపాను. రేవుకు వెళ్ళలేదు గానీ, నీ గదిలో కిటికీ దగ్గరికొచ్చి ఊపాను. నువ్వు నిద్రలో ఉన్నావు, చూడలేదు. ఇన్నాళ్ళూ అబద్ధమాడాను."

పొయ్యిలో బొగ్గు విరిగి పడింది. ఐవీ కళ్ళు తెరిచి కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. ఏడేళ్ళలో ఆమె అలా చూడడం అదే మొదలు. ఆ పొద్దున ఆ గదిలో ఎవరున్నారో ఇద్దరికీ తెలుసు, తెలుసునన్న సంగతీ ఇద్దరికీ తెలుసు.

"నోరీన్, ఆ రోజు నేను…"

"నువ్వు నిద్రలో ఉన్నావమ్మా," అంది నోరీన్. "టీ పెట్టనా?"

ఐవీ క్షమించానని అనలేదు, అనడానికి నోరు రాలేదు. "కప్పులు పాత చోటే ఉన్నాయి," అంది.

ఆ రాత్రి ఊరి మధ్య హాల్లో కోలిన్ ఆ పాట పాడనేలేదట. జనం అరిచి గోల చేసినా పాడలేదట. ఆ సంగతి నోరీన్‌కు గ్లెనిస్ చెప్పింది. నోరీన్ అప్పటికి తన గది ఖాళీ చేసి పెట్టె తెచ్చుకుంది. ఆ చలికాలమంతా ఐవీకి ఆమే అన్నీ చేసింది. క్లిఫ్ ప్యాటీలు, సైకిళ్ళ కొట్టు, లేత నీలం సూటు, అన్నీ చెప్పుకున్నారు, ఆ పొద్దున తప్ప. చివరి రోజుల్లో ఐవీ నోరీన్ కుడిచేతిని తీసుకుని దుప్పటి కింద తన చేతితో పాటు పెట్టుకుని పడుకునేది. మాట మాత్రం ఎత్తలేదు, నోరీన్ ఎత్తనివ్వలేదు.

మార్చిలో ఐవీ పోయింది. ఆమెకు సమాధి ఉంది, ఆ కుటుంబంలో సమాధి దక్కిన మొదటి మనిషి. దహనమా ఖననమా అని అడిగితే నోరీన్ ఆలోచించకుండా ఖననం అంది, పూలు పెట్టడానికి ఒక చోటుంటుందని. పూడ్చి వచ్చాక వీధి ఆడవాళ్ళందరూ నల్లబట్టల్లో ఆ ముందుగదిలో కూర్చున్నారు. ఇన్నేళ్ళలో వాళ్ళు నోరీన్ చేతి టీ తాగడం అదే మొదలు.

"ఎలాంటి మనిషమ్మా ఐవీ," అంది వాళ్ళలో పెద్దావిడ, కోడలికి వినపడాలనే. "కన్నకొడుకుని చేజేతులా సముద్రానికి పంపినదాన్ని క్షమించి, మళ్ళీ ఇంట్లో పెట్టుకుంది. అంత పెద్ద మనసు నాకైతే లేదు."

నోరీన్ హామ్ శాండ్‌విచ్‌ల పళ్ళెం ఆవిడ ముందు పెట్టింది. "అవునండీ. చాలా పెద్ద మనసు," అని, రెండో కప్పు టీ పోసింది.